ఆ ఎర్ర చుక్కలు సూదులవి కావు

మా అమ్మాయి చనిపోయింది. ఈ వానాకాలంలో, కృష్ణగిరి ఆస్పత్రిలో, డెంగీ జ్వరంతో చనిపోయింది. ఏ జబ్బో మొదట్లోనే రాస్తున్నాను, ఎందుకంటే మా ఊళ్ళో వేరే మాట తిరుగుతోంది. హోసూరులో అలర్జీ డాక్టరు దగ్గర చేతి మీద సూదులతో గుచ్చి పరీక్ష చేయించినందుకే పిల్ల పోయిందని అంటున్నారు. అది నిజం కాదు. నా బిడ్డను తలచుకుని నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే ఆ మాటే ముందుకొచ్చి గుమ్మంలో నిలబడుతోంది. దాన్ని పక్కకు జరిపితే గానీ నా బిడ్డ మీకు కనపడదు.

నేను చదివింది ఐదో తరగతి దాకానే. ఎప్పుడైనా ఏదైనా రాస్తే మా అమ్మాయే దిద్దిపెట్టేది. ఇప్పుడు తప్పులుంటే మీరే సర్దుకుని చదవండి.

ఆరోజు మధ్యాహ్నం ఇంటికి తీసుకొచ్చారు. ఆడవాళ్ళం స్నానం చేయిస్తుంటే రెండు చేతుల మీదా ఎర్ర చుక్కలు కనిపించాయి. గుండుసూది మొనంత చిన్నవి, చేతుల నిండా ఉన్నాయి. ఎదురింటి అత్త నీళ్ళ చెంబు కింద పెట్టేసి ఆ చేతిని పట్టుకుంది. ఆమె మాకు చుట్టం కాదు, కానీ మా వీధిలో అందరికీ అత్తే. నా కూతురికి మొదటిసారి తలంటింది ఆమే.

"చూడండమ్మా, ఈడ చూడండి. సూదులు పొడిచిన తావులే ఇవి. ఇన్నాళ్ళూ లోపల్నే ఉండి ఇప్పుడు పైకి తేలినాయి" అంది.

"అవునత్తా, నిజమే" అని ఇంకెవరో అన్నారు.

"నేనప్పుడే మొత్తుకున్నా. మంచి చేతిని ఏంటికి పొడిపించేదని. నా మాట ఎవురు విన్నారు?" అని అత్త గుండెలు బాదుకుంది.

కూతురి తల ఒళ్ళో పెట్టుకున్న మనిషి ఏం జవాబు చెబుతుంది? శ్మశానం నుంచి మగవాళ్ళు తిరిగొచ్చేసరికి ఆ మాట ఊరంతా పాకిపోయింది. అత్త దాన్ని చెడ్డ మనసుతో అనలేదని నాకు తెలుసు. కళ్ళతో చూసిన చుక్కలకు తనకు తోచిన కారణం చెప్పుకుంది.

అంతటితో ఆగిపోతే నేనూ ఊరుకునేదాన్నేమో. కానీ అత్తకు మూడో తరగతి చదివే మనవరాలు ఉంది. ఆ పిల్లకూ ఆయాసమే. పక్కింటిదాకా పరిగెత్తితే చాలు, ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. హోసూరులో ఆ డాక్టరమ్మే ఆ పిల్లకూ ఇదే పరీక్ష చేద్దామని రమ్మంది. వాళ్ళను ఒప్పించి మొదటిసారి తీసుకెళ్ళింది మా అమ్మాయే. కర్మ అయిన తర్వాత ఒకరోజు ఆ పిల్ల తల్లి, ఎదురింటి కోడలు, మా గోడ దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"అక్కా, మా అత్త పరీక్ష వొద్దంటే వొద్దంటా ఉండాది. పాపకి రోజూ ఆయాసానికని ఈ పక్క పోచంపల్లి సంతలో తెచ్చిన పొడే ఇస్తా ఉండాది. నాకి ఏం చెయ్యాల్నో తెలీలేదు. నువ్వు దగ్గరుండి చూసినావు కదా. ఆ పరీక్షతోనే అయిందా అక్కా?"

నా మీద నమ్మకంతో అడిగింది. నేను సరిగ్గా చెప్పకపోతే ఆ పిల్లకు వైద్యం ఆగిపోతుంది. అందుకని ఆరోజు నుంచి జరిగిందంతా మనసులో ఒకటికి పదిసార్లు నడిపించుకున్నాను. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మా ఊరు తమిళనాడులో, హోసూరు వైపు ఉద్దనపల్లికి దగ్గర. మాకు కొంచెం మల్బరీ తోట, పట్టుపురుగులు పెంచే షెడ్డు ఉన్నాయి. ఆ షెడ్డులోకి ఎవరు పడితే వాళ్ళు రాకూడదు. కాళ్ళూ చేతులూ మందునీళ్ళతో కడుక్కోవాలి. ముక్కుపొడి పీల్చేవాళ్ళు గుమ్మం తొక్కకూడదు. తడి ఆకు వెయ్యకూడదు. ఈ కట్టుబాట్ల మధ్యనే నా కూతురు పెరిగింది. గూడు కట్టబోయే పురుగును అందరికన్నా ముందు గుర్తుపట్టేది. వేలి మీదికి ఎక్కించుకుని వెలుతురుకు ఎత్తి, ఒళ్ళు పసుపుపచ్చగా మెరిస్తే, "ఇది రెడీ నాయినా, తట్టలోకి మార్చు" అనేది.

కానీ షెడ్డులోకి పోయిన ప్రతిసారీ ముందు తుమ్ములు, తర్వాత కళ్ళు ఎర్రబడటం, ఆ పైన ఆయాసం. పైట కొంగు ముక్కుకు కట్టుకుని పోయేది. వద్దంటే వినేది కాదు. "పురుగులు ఆకలికి అరవలేవు కదమ్మా" అనేది.

పన్నెండో తరగతి అయిన తర్వాత హోసూరులో ఒక కంపెనీలో చేరింది. చిన్న చిన్న భాగాలను భూతద్దం కింద పెట్టి, మంచివీ చెడ్డవీ వేరు చేసే పని. కంపెనీ వ్యాను రోడ్డు మలుపు దాకా వచ్చేది. పొద్దున వ్యాను హారన్ వినపడేదాకా జడ వేసుకోదు. హారన్ వినపడ్డాక సగం జడతో పరిగెత్తేది, మిగతా సగం వ్యానులో అల్లుకునేది. పాల ప్యాకెట్లు కత్తిరించాక ఆ కవర్లు కడిగి ఆరబెట్టి, చిన్న చిన్న మూడుమూలల మడతలు పెట్టి డబ్బాలో దాచేది. ఎందుకే ఇవి అంటే, "పారేస్తే ఆవులు తింటాయమ్మా" అనేది. ఆ డబ్బా ఇంకా అటక మీదే ఉంది.

చిన్నప్పటి నుంచీ ఆమెకు ఒక్కటే గుణం. ఏది చెప్పినా "ఏంటికి?" అని అడుగుతుంది. టీకా వేసే నర్సును అడిగేది, పూజ చేసే అయ్యవారిని అడిగేది. నేను విసుక్కుంటే నవ్వి, "ముందు తెలుసుకుందామమ్మా. భయపడేది ఆమీద భయపడొచ్చు" అనేది. భయం లేని పిల్ల కాదు. బల్లిని చూస్తే మంచమెక్కేది. కానీ తెలియకుండా భయపడటం ఆమెకు ఇష్టం లేదు.

ఈ ఏడు ఎండాకాలంలో ఆయాసం ఎక్కువైంది. కంపెనీలో కూడా రెండు సార్లు కూలబడిపోయింది. అప్పుడు మేము ముగ్గురం హోసూరులో అలర్జీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. డాక్టరమ్మ ఛాతీ విన్నది, ఒక గొట్టంలోకి గట్టిగా ఊదమంది. పరీక్ష చెయ్యాలి గానీ ఈ రోజు చెయ్యను అని చెప్పింది.

మా ఇంటాయనకు చిరాకొచ్చింది. "అంత దూరం నుంచి వచ్చినాం మేడం. నాలుగు సూదులే కదా, గుచ్చి పంపించేయండి."

"లేదప్పా. మీ పాప ఒంటికి ఏది పడదో దాంతో చేసిన మందునే రవంత చర్మంలోకి పంపించి చూస్తాం. ఛాతీ బాగుండే రోజు చేస్తే చేతి మీద దద్దురు లేస్తాది, పోతాది. ఇట్ల ఆయాసం ఉండే రోజు చేస్తే ఆ ఆయాసం పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. ముందు ఛాతీ సర్దుకోనీ" అంది డాక్టరమ్మ.

పీల్చే మందు రాసిచ్చింది. దాన్ని పరీక్ష రోజు కూడా ఆపొద్దంది. జలుబుకు, దురదకు వేసుకునే మాత్రలు మాత్రం పరీక్షకు వారం ముందు నుంచి వేసుకోకూడదట. ఆ మాత్రలు ఒంట్లో ఉంటే దద్దురు లేవాల్సిన చోట కూడా లేవదు, పరీక్ష అబద్ధం చెబుతుంది. ఇంకా వేరే ఏ మందులు వాడుతున్నా, బీపీ మాత్రలైనా సరే, ముందే చెప్పాలంది.

బస్సులో మా ఇంటాయన సణుగుతూనే ఉన్నాడు. "పెండ్లికి ముహూర్తం చూసేది తెలుసు. సూదికి కూడా ముహూర్తం చూసేది ఈమె దగ్గరే చూసినా."

"నాయినా, వాన పడినప్పుడు తడిసిన ఆకు పురుగులకి వేస్తావా? ఆరేదాకా ఆగుతావు కదా? ఇదీ అంతే" అంది మా అమ్మాయి. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నాకు నవ్వొచ్చింది.

ఛాతీ నెమ్మదించాక మళ్ళీ రమ్మన్నారు. నేనూ ఆమే వెళ్ళాం. శుభమని పొద్దున తలకూ ఒంటికీ నూనె పెడదామని గిన్నె వెచ్చబెట్టాను. "తలకి పెట్టుమ్మా, చేతులకి వొద్దు. మందు చుక్క నిలబడకుండా జారిపోతాది" అని చేతులు వెనక్కి పెట్టుకుంది.

అక్కడ నర్సు చేతిని సబ్బుతో కడిగించి, తుడిచి, మోచేతి కింద లోపలివైపు పెన్నుతో అంకెలు వేసింది. మా అమ్మాయి నా చెవిలో, "మనం పురుగులకి చేసే మర్యాదంతా నాకి చేస్తా ఉండారు చూడు" అంది.

ఒక్కో అంకె పక్కన ఒక్కో మందు చుక్క పెట్టారు. దుమ్ములో బతికే కంటికి కనపడని పురుగుది ఒకటి, బొద్దింకది ఒకటి, పూల పుప్పొడివి కొన్ని, పట్టుపురుగుది ఒకటి. ప్రతి చుక్క మీదా ఒక చిన్న మొనతో పైపైనే గుచ్చారు. రక్తం రాలేదు. ఒక చుక్కకు వాడిన మొన ఇంకో చుక్కకు వాడలేదు. మా అమ్మాయి ఊరుకుంటుందా? ఇది ఏంటికి, అది ఏంటికి అని అడుగుతూనే ఉంది. నర్సు ఓపిగ్గా చెప్పింది. ఒకటి ఉత్త ఉప్పునీళ్ళట, అది ఎవరికీ లేవకూడదు. ఇంకొకటి అందరికీ లేవాల్సిన మందట. ఆ రెండూ సరిగ్గా పలికితేనే మిగతావాటిని నమ్ముతారట.

గుచ్చేముందు నేను ఉండబట్టలేక డాక్టరమ్మను అడిగాను. "మేడం, దీంతో ప్రాణానికి ఏమన్నా అయితాదా?"

ఆమె నన్ను కసురుకోలేదు, ఏమీ కాదు పోమ్మా అని కొట్టిపారెయ్యలేదు. "దురద, దద్దురు అయితాది, అది మామూలే. ఒళ్ళంతా దద్దురొచ్చి గొంతు పట్టేది, కండ్లు తిరిగి పడిపోయేది శానా శానా తక్కువ. కానీ తక్కువ అంటే లేనే లేదని కాదమ్మా. అందుకే మందు గుచ్చినాక అరగంట ఈడనే కూర్చోమంటాం. ఇంటికి పోతామంటే పంపించం. అట్ల అయినోళ్ళకి ఇచ్చే సూది, ఆక్సిజన్ అన్నీ పక్కనే ఉండాయి" అని వేలితో చూపించింది.

ఆరోజు ఆ తక్కువలో ఒకటి నా కళ్ళముందే జరిగింది. దాచిపెడితే నేను రాసేదానికి అర్థం ఉండదు. మా అమ్మాయికి గుచ్చడం అయ్యాక మేము ఆ అరగంట కూర్చున్నాం; మాకంటే ముందు పరీక్ష చేయించుకున్న ఒకాయన పక్క బెంచీ మీద ఉన్నాడు. గులాబీలు పెంచే గ్రీన్‌హౌస్‌లో పని చేస్తాడట. ఉన్నట్టుండి మెడ గోక్కోవడం మొదలుపెట్టాడు. మెడంతా ఎర్రగా కందింది. దగ్గు వచ్చింది. "సిస్టర్, గొంతు ఒక మాదిరిగా ఉండాది" అన్నాడు. నర్సు ఆయన్ని అక్కడే పడుకోబెట్టింది, డాక్టరమ్మ వచ్చి తొడలో ఒక సూది వేసింది. ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు, బీపీ చూస్తూ ఉన్నారు.

అమ్మాయి చెయ్యి పట్టుకుని లాగాను. "లెయ్ పాపా, పోదాం రా. మనకొద్దు ఇది."

ఆమె లేవలేదు. ఆమె ముఖం కూడా తెల్లబడింది, చేతులు చల్లగా ఉన్నాయి. అయినా వాళ్ళవైపే చూస్తూ, "అమ్మా, వాళ్ళని చూడు. ఒకరన్నా అరిచినారా? సూది యాడుందని ఎతుక్కున్నారా? ఇట్ల అయితాదని తెలిసే సిద్ధంగా ఉండారు. ఇప్పుడు ఇంటికి పోతా ఉంటే దావలో నాకి అట్లయితే ఎవురుండారు? ఈడనే కూర్చుందాం" అంది.

కొంతసేపటికి ఆయన లేచి కూర్చున్నాడు. నీళ్ళు తాగాడు. అయినా సాయంత్రం దాకా ఉండి పొమ్మన్నారు. ఆయన మా వైపు చూసి సిగ్గుగా నవ్వి, "పూలల్లో పనిచేసేవోనికి పూలే పడవంట చెల్లెమ్మా" అన్నాడు.

"మాకి పురుగులు పడవంటారేమో అన్నా" అంది మా అమ్మాయి. అలాగే అయింది. మిగతా చోట్ల చిన్న చిన్న దద్దుర్లు. పట్టుపురుగు మందు పెట్టిన చోట మాత్రం పెద్ద బొబ్బ లేచి, చుట్టూ రూపాయి బిళ్ళంత ఎరుపు. నర్సు స్కేలు పెట్టి కొలిచింది. దురదకు ఏదో పూసింది. మర్నాటికి ఆ చేతి మీద జాడ కూడా లేదు.

మా ఇంటాయన సంగతి విని, షెడ్డు వైపున్న ఇంటి కిటికీకి రేకు కొట్టాడు. షెడ్డు బట్టలు బయటే విడిచి స్నానం చేసి లోపలికి రావడం మొదలుపెట్టాడు. సూదికి ముహూర్తమా అని సణిగిన మనిషే, "పాప పీల్చే మందు పీల్చిందా?" అని రోజూ పొద్దున అడిగేవాడు. కూతురు షెడ్డు గుమ్మం బయట నిలబడి, లోపల తండ్రి ఎత్తి చూపించే పురుగులను చూసి, "అది రెడీ... అది ఇంకా లేదు నాయినా" అని చెప్పేది. ఆ రోజుల్లో ఆమె ఊపిరి చప్పుడు వినపడేది కాదు. పక్కనే పడుకున్నా వినపడేది కాదు. పుట్టిన తర్వాత అంత హాయిగా ఉండటం అప్పుడే చూశాను. ఆ కొన్నాళ్ళు నా బిడ్డకు ఇచ్చిన ఆ డాక్టరమ్మకూ నర్సుకూ నేను రుణపడి ఉన్నాను.

మారెమ్మ పండగ అయిపోయింది, వానలు పట్టుకున్నాయి. వ్యానులో వచ్చే పిల్లల్లో ఇద్దరికి జ్వరాలు. ఆ తర్వాత మా అమ్మాయికి. మామూలు జ్వరమనే అనుకున్నాం. కళ్ళ వెనక నొప్పి అంది, ఒళ్ళు విరుస్తోంది అంది. ఉద్దనపల్లిలో రక్తం చూసి డెంగీ అన్నారు, కృష్ణగిరికి పంపారు. జ్వరం తగ్గిందని మేము సంతోషపడిన పూటే చేతుల మీద చుక్కలు మొదలయ్యాయి. రక్తంలో కణాలు పడిపోయాయన్నారు, కడుపులో రక్తం పోతోందన్నారు. సెలైన్ పెట్టే నర్సును కూడా "ఇది ఏంటికి సిస్టర్?" అని అడిగింది. నేను విన్న ఆమె ఆఖరి మాట అదే.

మా ఇంటాయన అక్కడి డాక్టరును సూటిగా అడిగాడు. "సార్, మా పాపకి ఎండాకాలంలో చేతి మీద అలర్జీ పరీక్ష చేసినారు. ఈ చుక్కలు దానివా?"

"కాదప్పా. దాని దద్దుర్లు ఆరోజే తగ్గిపోతాయి. ఇవి చర్మం కింద రక్తం చిమ్మి వచ్చిన చుక్కలు. డెంగీలో వస్తాయి. దోమ చేసిన పని ఇది" అన్నాడాయన.

ఎదురింటి కోడలు నన్ను అడిగిన తర్వాత రెండు మూడు రోజులకు అత్త మా ఇంటికి వచ్చింది. మా ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగడం లేదని రాగిసంగటీ ఆకుకూరా తెచ్చింది. నా ముందు పెట్టి, "తినమ్మా. తినకుంటే ఎట్ల" అంది. ఎదురింట్లోంచి పిల్ల దగ్గు వినపడుతోంది. ఆగి ఆగి దగ్గుతోంది.

"పాపని హోసూరుకి తీసకపో అత్తా" అన్నాను.

ఆమె ముఖం మారిపోయింది. "నువ్వా చెప్పేది? కడుపుకోత పడినదానివి నువ్వే చెప్తావా? ఆ చుక్కలు నా కండ్లతో చూసినాను నేను."

"చూసినావు. నేనూ చూసినాను. మారెమ్మ పండక్కి నా బిడ్డ చేతికి గోరింటాకు పెట్టింది ఎవురత్తా?"

"నేనే పెట్టినా. ఏంటికి?"

"ఆ చెయ్యి నీ ఒళ్ళోనే కదా ఉండింది అంతసేపు. మోచేతి దాకా తిప్పి తిప్పి చూసి, ఎంత నున్నగా ఉండాది ఈ చెయ్యి, గాజులు వేస్తే జారిపోతాయి అన్నావు. పరీక్ష అప్పటికే అయిపోయింది. ఒక్క చుక్కన్నా కనిపించిందా నీకి?"

అత్త తన ఒడి వైపు చూసుకుంది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"దోమ కుట్టి పోయింది అత్తా నా బిడ్డ. పరీక్షలో ఏ అపాయమూ లేదని నేను చెప్పను. అపాయం అయినాయన్ని నేను చూసినాను, ఆయన్ని వాళ్ళు కాపాడింది కూడా చూసినాను. యాడబడితే ఆడ చేయించేది కాదు అది. డాక్టరు, మందులు దగ్గరుండే తావులో చెయ్యాల. నువ్విచ్చే ఆ పొడిలో ఏముండాదో నీకి తెలుసునా? సంతలో అమ్మేవోనికి తెలుసునా?"

అత్త కొంగు దించి అంది. "నాకి భయమమ్మా. ఉండేది ఒక్క మనవరాలు. నువ్వు తోడు పోతానంటేనే పంపిస్తా. నీ పక్కన కూర్చోబెట్టుకో. వేరే ఎవురి మాటా నేను నమ్మను."

నేను ఒప్పుకున్నాను. ఆ పరీక్ష గదిలోకి మళ్ళీ పోగలనా అని ఆమె వెళ్ళిపోయిన తర్వాత అనిపించింది.

నేనూ ఎదురింటి కోడలూ పిల్లను హోసూరుకు తీసుకెళ్ళి, సంత పొడి పొట్లం డాక్టరమ్మకు చూపించాం. ఇందులో ఏం కలిపారో తెలియదు, ఇక ఇవ్వొద్దంది. అయినా అంతా ఒకేసారి జరిగిపోలేదు. అలా వెళ్ళిన ఆ రోజు అత్త పొద్దునే జలుబు మాత్ర వేసి పంపింది. డాక్టరమ్మ ముందు మనవరాలి ముక్కు కారితే బాగుండదని వేసిందట. నర్సు పరీక్ష చెయ్యకుండా తిప్పి పంపేసింది. తర్వాత ఇంకోసారి వెళ్ళాం. ఆరోజు పిల్ల ఛాతీ తేటగా ఉంది.

అదే నర్సు. పిల్ల చేతికి చుక్కలు పెట్టి గుచ్చడం అయిపోయాక తలెత్తి నన్ను గుర్తుపట్టింది. "అమ్మా, మీరు కదా? పట్టుపురుగుల పాప వాళ్ళమ్మ. అన్నీ ఏంటికి ఏంటికి అని అడుగుతా ఉండె కదా ఆ పాప. బాగుండాదా ఇప్పుడు?"

ఎదురింటి కోడలు నా భుజం పట్టుకుంది. నేను చెప్పాను. "లేదు తల్లీ. డెంగీ వచ్చి పోయింది."

నర్సు చేతిలో ఉన్నది పక్కన పెట్టి, చేతి తొడుగు తీసేసి, నా చెయ్యి పట్టుకుంది. నా బిడ్డ చావును ఉన్నది ఉన్నట్టు విని, ఎదురు చెప్పకుండా నమ్మిన మొదటి బయటి మనిషి ఆమె.

అరగంట పిల్లను కదలనివ్వలేదు. గోకబోతే ఆపాను. దురద, దురద పెద్దమ్మా అని గింజుకుంటే చేతి మీద ఊదాను. మధ్యమధ్యలో మెడ చూశాను, గొంతు ఎట్లుందని అడిగాను. "ఎన్నిసార్లు అడుగుతావు పెద్దమ్మా, బాగనే ఉండాది" అని విసుక్కుంది. నిజంగా ఏమీ కాలేదు.

మేము ఊరి దగ్గర బస్సు దిగేసరికి అత్త రోడ్డు మీదే ఉంది. పొద్దు ఇంకా వాలలేదు. పలకరించకుండానే మనవరాలి చెయ్యి అందుకుంది. వెలుతురుకు తిప్పింది, వేలితో తడిమింది. రెండో చెయ్యి కూడా చూసింది. దద్దుర్లు అప్పటికే అణిగిపోయాయి. "ఇడువు అవ్వా, చక్కిలిగిలి" అని పిల్ల చెయ్యి లాక్కుని తోటల మధ్య దారిలో ముందుకు పోయింది. మేము ముగ్గురం వెనక నడిచాం. పిల్ల దారి పక్క మల్బరీ కొమ్మలను ఆ చేత్తోనే తాకుకుంటూ, ఆకుల మీది వాననీళ్ళు రాల్చుకుంటూ పోతోంది.